అయిదుసార్లు నొక్కిన బటన్

ఈ చుట్టుపక్కల ఆడపడుచులెవరూ ఇకపై రేడియేషన్ కోసం విజయవాడ బస్సెక్కనక్కర్లేదని, ఏలూరులోనే కేంద్రం పెట్టేశామని మంత్రిగారు ప్రకటించారు. ఆ మాటకి అందరికంటే ఎక్కువ సంతోషించింది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసే నిర్మల. ఆమెకి గర్భసంచి క్యాన్సర్ తొలిదశలోనే దొరికింది. ఆపరేషన్ అయి ఆరు వారాలు. మళ్ళీ రాకుండా అయిదు సిట్టింగులు రేడియేషన్ పెట్టించుకోవాలని, ఎనిమిది వారాలు దాటనివ్వొద్దని డాక్టరుగారు చెప్పారు. ఏ సరుకు ఎన్నాళ్ళు ఆగుతుందో తెలిసిన మనిషి కాబట్టి ఆమె రోజులు లెక్కపెట్టుకుంటోంది.

మంత్రిగారి పీఏ భాస్కరరావు ఆమెను తొలి లబ్ధిదారుగా ఎంపిక చేసి, కారు కూడా పంపించాడు. పూలదండతో సహా ఆమెను మిషన్ బల్లమీద పడుకోబెట్టారు. మంత్రిగారు బటన్ నొక్కారు. ఫోటోలో ఎవరిదో తల అడ్డొచ్చింది. మళ్ళీ నొక్కారు. ఈసారి మంత్రిగారే కళ్ళు మూసుకున్నారు. అలా విసుగన్నది లేకుండా అయిదుసార్లు నొక్కారు. మిషన్‌కి ఇంకా కరెంటు ఇవ్వలేదని ఆపరేటరు నిర్మల చెవిలో చెప్పాడు. ఇవాళ ఫోటోలేగా, వైద్యం సోమవారం నుంచి అనుకుందామె.

సోమవారం వెళితే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి అభినందనలు చెప్పింది.

"అయిదు సిట్టింగులూ పూర్తయిపోయాయండీ. ఫోటోలు అప్‌లోడ్ అయ్యాయి."

"మిషన్ నడవనేలేదమ్మా."

"నడవకపోతే ఫోటోలు ఎలా వస్తాయండీ?"

నిర్మల భాస్కరరావు దగ్గరికి వెళ్ళింది. అతను కాఫీ తెప్పించి, ఓపిగ్గా విన్నాడు.

"ఫైలు మళ్ళీ తెరవాలంటే, మంత్రిగారు నొక్కిన బటన్ పనిచెయ్యలేదని మీరు రాసివ్వాలండీ. బాగుంటుందా, మీరే చెప్పండి."

ఇక్కడ బేరం తెగదని నిర్మలకి అర్థమైంది. ఏడోవారం దాటకుండా, తెల్లవారుతూనే విజయవాడ బస్సెక్కింది.

అక్కడి ఆసుపత్రిలో ఆమెకు ఇరవై ఆరో నంబరు టోకెన్ ఇచ్చారు. కుర్చీ కోసం చూస్తే ముందువరసలో భాస్కరరావు కనిపించాడు. పక్కన ఒక పెద్దావిడ. అతను గబుక్కున లేచి నమస్కారం పెట్టాడు.

"మా అత్తగారండీ. మీలాంటి కేసే. ఏలూరు రికార్డులో రెండో లబ్ధిదారు."

"ఆవిడకీ అయిదూ పూర్తయ్యాయాండీ?"

భాస్కరరావు అటూ ఇటూ చూశాడు. తర్వాత తన టోకెన్ తీసి ఎంతో మర్యాదగా ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు మీరు కానివ్వండి. మేం నెమ్మదిగా వెళతాం."

నిర్మల నంబరు చూసింది. నాలుగు. తన ఇరవై ఆరు అతనికిచ్చి, వెళ్ళి పెద్దావిడ పక్కన కూర్చుంది.