కుర్చీ వచ్చిందట

ఆదివారం పొద్దునకని స్టోరు గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోయింది. వీధి చివరి కుళాయి నుంచి డబ్బాలు మోసి మోసి నడుం పట్టేసింది. అతను పనిచేసే సంక్షేమ కార్యాలయం స్టోరులో కొత్త చక్రాల కుర్చీ ఒకటి ఉంది. స్టోరు తాళంచెవి తన జేబులోనే ఉంది. కుర్చీలో రెండు డబ్బాలు పెట్టి తోసుకొస్తే నడుం దక్కుతుంది. సోమవారం పొద్దున్నే తుడిచి లోపల పెట్టేస్తే మర్యాదా దక్కుతుంది.

ఆ కుర్చీ టైలరుకు ఇవ్వవలసింది. కాళ్లు చచ్చుబడిన మనిషి. బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని, అరచేతులతో నేలను నెట్టుకుంటూ తిరుగుతాడు. చేత్తో తిప్పే మిషను మీద బట్టలు కుడతాడు. కుర్చీ శుక్రవారం వచ్చింది. శనివారం టైలరు వచ్చి అడిగితే, ఇంకా రాలేదు, సోమవారం చూద్దాం అన్నాడు గుమాస్తా. ఏడాదిగా ఆగినవాడు రెండు రోజులు ఆగలేడా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. నచ్చింది కూడా.

మొదటి విడత నీళ్లు సాఫీగానే వచ్చాయి. రెండో విడతకు భార్య కూడా బయల్దేరింది. సగం దారిలో ఆమె చెప్పు తెగింది. అక్కడంతా కంకర. ఖాళీ కుర్చీయే గదా, మలుపుదాకా కూర్చోమన్నాడు గుమాస్తా. వద్దంటూనే కూర్చుంది. మలుపు తిరిగేసరికి ఎదురుగా పక్కింటి పిన్ని.

పిన్నికి చూపు మసక, నోరు మాత్రం స్పష్టం. కుర్చీని చూసింది. కుర్చీలో మనిషిని చూసింది. చెప్పులేని కాలును చూసింది. చేతిలోని కూరల సంచి జారిపోయింది.

"ఏమైందే అమ్మాయ్ కాలికి?"

ఏం కాలేదు పిన్నీ, నీళ్లకని, అంటూ భార్య మొదలుపెట్టింది. నీళ్ల మాట వస్తే కుర్చీ మాట వస్తుంది, కుర్చీ మాట వస్తే స్టోరు మాట వస్తుంది. గుమాస్తా అడ్డుపడ్డాడు. కాలు బెణికిందన్నాడు, నరం పట్టిందన్నాడు, కదలొద్దని పెద్ద డాక్టరు చెప్పాడన్నాడు, కుర్చీ కూడా ఆస్పత్రివాళ్లే ఇచ్చారన్నాడు. బెణుకుతో ఆగి ఉంటే సాయంత్రానికి నయమయ్యేది. డాక్టరును తెచ్చేసరికి జబ్బు ఖాయమైంది.

మధ్యాహ్నానికి వీధి వీధంతా వాళ్లింట్లోనే ఉంది. ఒకరు వంట చేశారు. ఒకరు అంట్లు తోమారు. ఎదురింటివాళ్లు నీళ్లు మోసి తొట్టి నింపారు. భార్య కాళ్ల మీద దుప్పటి కప్పుకుని, ముందు గదిలో కుర్చీలో కూర్చుని అందరికీ తల ఊపింది. వాళ్లు వెళ్లగానే లేచి వంటింట్లోకి నడిచేది. గుమ్మంలో అడుగుల చప్పుడైతే పరిగెత్తుకొచ్చి మళ్లీ కూలబడేది. ఆ పరుగులకు సాయంత్రానికి నిజంగానే పిక్కలు పట్టేశాయి.

"పెళ్లినాడు నన్ను కూర్చోబెట్టి పోషిస్తానన్నారు. ఇన్నాళ్లకు మాట నిలబెట్టుకున్నారు," అంది.

సోమవారం కుర్చీ వెనక్కి వెళ్లలేదు. వీధి పొడుగునా పరామర్శించేవాళ్లు ఉండగా ఎలా వెళ్తుంది? ఆఫీసు మెట్ల కింద టైలరు కాచుకుని ఉన్నాడు. గుమాస్తా వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్లి, కుర్చీ రాలేదని ప్యూనుచేత చెప్పించాడు. చెక్క కింది చక్రాల చప్పుడు గేటుదాకా వినిపించింది. కిటికీ మూద్దామని లేచాడు. మూసినా వినిపిస్తుందనిపించి కూర్చున్నాడు.

కబురు పక్క ఊరికి వెళ్లేలోపు దారిలో బట్టలు మార్చుకుంది. మంగళవారం సాయంత్రం బావమరిది, వెనక ఇద్దరు చుట్టాలు, మిఠాయి పొట్లంతో దిగారు.

"కుర్చీ వచ్చిందటగా బావా. నువ్వు గుమాస్తాగానే దిగిపోతావని అక్కతో పందెం కూడా వేశాను. ఇంతకీ ఎంత పెద్ద కుర్చీ?"

గుమాస్తా లోపలికి చెయ్యి చూపించాడు. పిన్ని కళ్లొత్తుకుంటోంది. పొట్లం అప్పటికే చుట్టాల్లో ఒకాయన విప్పేశాడు. ఒకే గదిలో సగంమంది ఓదారుస్తుంటే సగంమంది అభినందిస్తున్నారు. రెంటికీ భార్య ఒకే రకంగా తల ఊపుతోంది.

అప్పుడు వాకిట్లో చక్రాల చప్పుడైంది. గుమాస్తాకు మాత్రమే అది ఎవరిదో తెలిసింది. అందరూ జరిగి దారి ఇచ్చారు. టైలరు గడప దగ్గర రెండు చేతుల మీదా ఒళ్లు లేపి, చెక్కను లోపలికి లాక్కుని, వీపుకు కట్టుకున్న మెత్తను విప్పాడు.

"అమ్మా, మీ సంగతి ఇవాళే తెలిసింది. పొద్దస్తమానం కూర్చుంటే కింద ఒరుసుకుపోతుంది, ఆ బాధ నాకు తెలుసు. నాకు కుర్చీ వస్తుందని కుట్టి పెట్టుకున్నా. వచ్చినప్పుడు ఇంకోటి కుట్టుకుంటాలే. ఇది ఆఫీసువాళ్లిచ్చే కుర్చీ కొలత. ఆస్పత్రి కుర్చీకి కాస్త అటూఇటూ అవుతుందేమో." గుమాస్తా వైపు చూసి అన్నాడు, "అయ్యగారు ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని కూడా నేను ఎప్పుడడిగినా విసుక్కోలేదు."

భార్య మెత్తను ఒళ్లో పెట్టుకుని చూసింది. అంచుల వెంట రెండు వరసల కుట్టు, నాలుగు మూలలా నాడాలు. స్టోరులో ఊరికే పడి ఉంటే తెచ్చానని మొగుడు చెప్పిన మాటే ఆమెకు ఇంతవరకూ తెలుసు.

"ఈయన కుర్చీ ఎక్కడుందండీ?" అని మొగుణ్ణి అడిగింది.

గుమాస్తా తల దించుకున్నాడు. దించుకుంటే టైలరు ముఖమే కనిపించింది. ఆ మనిషి ఉండేది నేల మీదే గదా.

మెత్త వేయాలి, అందరూ తలో చెయ్యీ వేసి అమ్మాయిని లేపండని పిన్ని పురమాయించింది. ఎవరూ చెయ్యి వేయకముందే భార్య దుప్పటి మడిచి పక్కన పెట్టి లేచి నిలబడింది. వంగి, మెత్తను కుర్చీలో పరిచింది. వెంట్రుకవాసి తేడా లేకుండా అమరింది. మెత్త తగలగానే కాలొచ్చిందని పిన్ని ఒక్కతే దండం పెట్టింది.

"నా నడకకేం కాలేదు పిన్నీ," అంది భార్య. "చెడింది ఆయన నడత."

గుమాస్తా అప్పుడు చెప్పాడు. నీళ్ల సంగతి, శనివారం ఆడిన అబద్ధం, సోమవారం ప్యూనుచేత ఆడించిన అబద్ధం. ఇన్ని రోజులు దాచినది చెప్పడానికి అట్టే సేపు పట్టలేదు. మిఠాయి నోట్లో ఉన్న చుట్టం దాన్ని మింగాలో వద్దో తేలక అలాగే ఉండిపోయాడు. బావమరిది, ఎదురింటాయన కలిసి టైలరును ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. అతను చక్రాల మీద చేతులు వేశాడు.

"నీళ్లకని అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి గదా అయ్యగారూ, ఆదివారం ఒక పూటకి."

కుర్చీని తిప్పుతుంటే ఒకసారి గుమ్మానికి తగిలింది. రెండోసారి సూటిగా వెళ్లిపోయింది. వెనకే భార్య చెప్పుల్లేని కాళ్లతో వీధి మలుపుదాకా సాగనంపింది. గుమాస్తా ఆ చెక్కను చంకన పెట్టుకుని ఆమె వెనక నడిచాడు. దారిలో ఎవరూ పరామర్శించలేదు.

బుధవారం గుమాస్తా అధికారి గదిలోకి వెళ్లి, చేసిందంతా చెప్పి, ఏ శిక్ష వేసినా సరేనన్నాడు. అధికారి చాలాసేపు బల్ల మీది గాజుబిళ్లను తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"స్టోరులో ఇంకా ఏమేం ఉండాలో, ఏమేం లేవో, అదంతా కూడా పైవాళ్లకు చెప్పేశావా?"

"ఇంకా లేదు సార్. రేపు వెళ్లి చెప్దామనుకుంటున్నాను."

"రేపెందుకు, సోమవారం వెళ్లు," అన్నాడు అధికారి.

ఆ సాయంత్రమే అధికారి డ్రైవరు రెండు ఫ్యాన్లు తెచ్చి స్టోరులో దించాడు. మర్నాడు క్యాషియరు, అనాథ పిల్లల వసతిగృహం దుప్పట్లను ఉతికి ఇస్త్రీ చేయించి తెచ్చాడు. వితంతువులకు ఇవ్వవలసిన కుట్టుమిషను ఒకటి సూదిలో దారంతో సహా వచ్చింది. తెచ్చినవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. గుమాస్తా ఎవరినీ ఏమీ అడగలేదు, అడిగే ముఖం అతనికీ లేదు. శనివారానికి స్టోరులో చోటు చాలక, గుమాస్తా తన బల్లను వరండాలో వేసుకున్నాడు.