తోక మీద లక్క

మన దేశంలో గాలి పీల్చుకోడానికి ఇంతవరకూ దరఖాస్తు అక్కర్లేదు. (ఇది ఎవరి పొరపాటో విచారిస్తున్నారు.) అదే గాలి మీద ఏదైనా వస్తువు పెట్టాలంటే మాత్రం అరకులో గగనవస్తు పరిశీలనాధికారి కనకరాజు గారున్నారు. ఆయన ఆఫీసు మేడ మీద. అక్కడ గాలాడదని కింద జిరాక్సు షాపులో కూర్చుంటారు.

బజార్లో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు నడిపే దేవీప్రసాద్ ఆయన దగ్గరికి రిమోటుతో తిప్పే గ్లైడరు ఒకటి పట్టుకెళ్ళాడు. వానాకాలమంతా కొట్టు వెనకాల కూచుని, తేలిక చెక్కా థర్మాకోలూ అతికించి చేసుకున్నాడు. వలిసె చేలు పూసే రోజుల్లో గాలి కొండవాలు మీదకి తిన్నగా ఎక్కుద్ది. ఆ గాలి పోయేలోగా ఒక్కసారి ఎగిరితే చాలు, అతనికి అన్నం సయిస్తుంది.

"ఇంజనేదయ్యా?"

"ఉండదండి. గాలికే ఎగురుద్ది."

"ఆ గాలి ఎట్నుంచి వస్తాది?"

"డుంబ్రిగుడ వైపు నుంచండి."

"అయితే అది ఆ మండలం గాలి. అభ్యంతరం లేదని వాళ్ళ కాయితం పట్రా."

డుంబ్రిగుడ వాళ్ళు మర్యాదస్తులు. గాలి తమది కాదనీ, ఒడిశా నుంచొచ్చి తమ మీదుగా పోతుందనీ, పోయేదాన్ని తామెన్నడూ ఆపలేదనీ రాసిచ్చారు. కనకరాజు గారు తృప్తిపడి ఒక్కరోజుకి అనుమతిచ్చారు. గ్లైడరు తోక మీద లక్క కరిగించి, దళసరిగా సీలు కూడా వేశారు. సీలు గీకితే అనుమతి రద్దు.

ఆ రోజు కనకరాజు గారి సమక్షంలో, కొండ మీద, దేవీప్రసాద్ గ్లైడర్ని రెండు వేళ్ళ మీద నిలబెట్టి చూశాడు. తోక కిందకి వాలిపోయింది. గ్లైడరుకి ముక్కు బరువుండాలి. తోక బరువైతే నిక్కి, ఆగి, దబ్బున పడుద్ది. (ఆఫీసు ప్రమోషన్లకి ఈ సూత్రం వర్తించదు.)

"ఏటలా సూత్తన్నారు? బేగి ఇసరండి," అంది భార్య రమణి.

"ఇసిరితే ముక్కలేరుకోవాల."

రమణి దిష్టికాయ కట్టకుండా కొత్త సైకిల్ని కూడా గుమ్మం దాటనివ్వదు. దారానికి గుచ్చిన నిమ్మకాయా మిరపకాయలూ సంచీలోంచి తీసి గ్లైడరు ముక్కుకి కట్టేసింది.

"ఇదేటే?"

"కొత్త బండి కాదేటి?"

దేవీప్రసాద్ మళ్ళీ వేళ్ళ మీద పెట్టాడు. తోక కాస్త లేచింది. అతను భార్య వైపు చూశాడు.

"ఇంకో కాయుందా?"

"ఇంకో రెండున్నాయి. ఆ ఆఫీసరు గారి సూపు సూసే తెచ్చాను."

మూడో కాయకి గ్లైడరు త్రాసు ముల్లులా నిలబడింది.

పక్కన వలిసె చేను సోములమ్మది. గట్టు మీంచి చాలాసేపు చూసి, "పైన గద్దలకీ సీలేసారేటి బాబూ?" అనడిగింది.

"అవింకా దరఖాస్తు పెట్టుకోలేదమ్మా," అన్నారు కనకరాజు గారు, బాధగా.

దేవీప్రసాద్ విసిరాడు. గ్లైడరు వాలు అంచున కొంచెం దిగి, గాలి దొరకబుచ్చుకుని లేచింది. మూడు నిమ్మకాయలతో, మిరపకాయలతో, ప్రభుత్వ ముద్రతో, పచ్చటి పూల మీద చప్పుడు లేకుండా తిరుగుతోంది. అతను రిమోటు పట్టుకుని, ఊపిరి తీసుకోడం మర్చిపోయి చూస్తున్నాడు.

"చూశావా ప్రసాదూ," అన్నారు కనకరాజు గారు. "సీలు పడేసరికి ఎంత కుదురొచ్చిందో. వచ్చేసారి రెండేద్దాం."

"అలాగేనండి," అన్నాడు దేవీప్రసాద్. ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే రమణితో నెమ్మదిగా చెప్పాడు: "రేపు సంత కదా. నిమ్మకాయలు ఇంకో అరడజను తే."