ఆకుపచ్చ గుడ్ల విమానాలు

ఒక పెద్ద అడవిలో, అందరికంటే చౌకగా సముద్రం దాటిస్తామనే విమాన సంస్థ ఒకటి ఉండేది. విమానాలంటే మరేం కాదు, ఆరు గూడబాతులు. ముక్కు కింది సంచీలో కుందేళ్ళనీ ఉడతలనీ కూర్చోబెట్టుకుని అవతలి దీవికి చేరవేసేవి. అందుకని దానికి అంతర్జాతీయం అని పేరు.

యజమాని జంబుకేశ్వరరావు అనే నక్క. పుట్టి బుద్ధెరిగాక గాల్లోకి లేచినవాడు కాదు గానీ, ఎగరడం గురించి గంటసేపు మాట్లాడగలడు. టిక్కెట్టు చౌకే. సంచీలోంచి తోక బయటికొస్తే మాత్రం అది లగేజీ.

చెల్లెలి పురుడుకని బయల్దేరిన ఉడతమ్మ ఆ మాట విని లబోదిబోమంది. "నా ఒళ్ళంతా కలిపినా తోకంత లేదు కదయ్యా! తోకకి వేరే టిక్కెట్టా?"

"తోక ఇంట్లో పెట్టి రావాల్సింది," అన్నాడు నక్క.

గూడబాతుల్లో పెద్దది సూరమ్మ. చెరువుగట్టు మీది తుమ్మచెట్లే ఆ ఆరుగురికీ కంపెనీ క్వార్టర్లు. ఉద్యోగం పోతే గూడూ పోయినట్టే.

ఒకనాడు నక్క పులిరాజుగారి ఎదుట సభ పెట్టాడు. "ఆరు ముసలి పక్షులతో ఎన్నాళ్ళండీ? వంద కొత్త విమానాలు తెప్పిస్తున్నా. వాటిలో తోక ఉచితం!" చప్పట్లు మోగాయి. ఉడతమ్మ ముందుగానే టిక్కెట్టు కొనేసింది.

విమానాలు గుడ్ల రూపంలో దిగాయి. ఒక్కొక్కటి పెద్ద మామిడికాయంత, ముదురాకుపచ్చ రంగు. నిపుణుల సంఘం అధ్యక్షుడు తాబేలు కూర్మయ్య వాటి చుట్టూ రెండుపూటలు తిరిగి, "రంగు ఆకుపచ్చ. కనుక పర్యావరణానికి మేలు," అని సర్టిఫికెట్ రాసిచ్చాడు.

సూరమ్మ ఒక గుడ్డుని ముక్కుతో దొర్లించి చూసింది. "బాబూ, వీటి తల్లి ఎగరగా ఎవరైనా చూశారా?"

నక్క నవ్వాడు. "పాతవాళ్ళకి ఎప్పుడూ తల్లుల గోలే. మేం మాట్లాడేది భవిష్యత్తు గురించి. ఎగరడం ఆపి వీటిని పొదగండి. కాదంటే తుమ్మచెట్లు ఖాళీ చెయ్యండి."

సూరమ్మకి ఏడుపొచ్చింది. అయినా తనవాళ్ళ గూళ్ళు తలుచుకుని నోరుమూసుకుంది. ఒక్కొక్కరి కింద పదహారు గుడ్లు పెట్టారు. మిగిలిన నాలుగూ నక్క గుమ్మంలో ప్రదర్శనకి ఉంచి, వాటిమీద కూడా వీళ్ళనే వంతులవారీగా కూర్చోబెట్టారు.

గుడ్లు పగిలాయి. పిల్లలు పెరిగి తాటిచెట్లలా నిలబడ్డాయి. రెక్కలు మాత్రం వెతికితే గానీ కనబడవు. అవి ఈము పక్షులు.

ప్రారంభోత్సవం నాడు పులిరాజుగారు కొబ్బరికాయ కొట్టారు. వంద ఈములూ వీపున ప్రయాణికులతో ఒడ్డువెంట దుమ్మురేపుకుంటూ పరుగెత్తాయి. నీళ్ళు కనబడగానే ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, ఎక్కించిన చోటే అందరినీ దింపేశాయి.

"రన్‌వే మీద పరుగు అమోఘం," అన్నాడు కూర్మయ్య.

పులిరాజుగారు గర్జించారు. విచారణ సంఘం వేశారు. దానికీ కూర్మయ్యే అధ్యక్షుడు. నివేదిక ఒక్క ముక్కలో తేలిపోయింది. "గుడ్లలో లోపం లేదు. పొదగడంలోనే లోపం. గూడబాతులు మనసుపెట్టి పొదగలేదు."

సాయంత్రంలోగా చెట్లు ఖాళీ చెయ్యమని ఆరుగురికీ ఉత్తర్వులు అందాయి. సూరమ్మ తన గూడుని ఒక్కసారి చూసుకుంది. తరవాత ఇన్నాళ్ళకి తొలిసారి గట్టిగా రెక్కలు విదిల్చింది. "పదండర్రా. దీవిలో చెట్లు లేకపోలేదు."

ఉడతమ్మ పరుగెత్తుకొచ్చింది. "సూరమ్మత్తా! మా చెల్లెలి పురుడూ అయిపోయింది, బారసాలా అయిపోయింది. పిల్లలు చెట్లెక్కుతున్నారట!"

"ఎక్కు తల్లీ. తోక కూడా తెచ్చుకో."

ఆరూ గాల్లోకి లేచాక గానీ అడవికి విషయం తలకెక్కలేదు. వంద విమానాలున్నాయి, ఎగిరేది ఒక్కటీ లేదు. టిక్కెట్లు కొన్న జంతువులన్నీ నక్క మీద విరుచుకుపడ్డాయి. వాడు మోకాటిలోతు నీళ్ళలోకి పరుగెత్తి రెండు చేతులూ పైకెత్తాడు.

"సూరమ్మా! ఒక్క సీటు! ఎంతకైనా సరే!"

సూరమ్మ కిందికి వంగి చూసింది. "తోక ఇంట్లో పెట్టి వచ్చావా బాబూ?"

జవాబు కోసం ఆగకుండా దీవివైపు సాగిపోయింది.

నీతి: ఎగరలేని పిట్టని కొన్నవాడిది తప్పు కాదు, ఎగరదని తెలిసీ నోరుమూసుకుని పొదిగినవాళ్ళదే.