తుపాకికి శాంతి

"తుపాకి లేని పౌరుడు ఉండవచ్చును గాని, తుపాకిని జాగ్రత్తగా పట్టుకోవడం తెలియని పౌరుడు ఈ రాష్ట్రంలో ఉండరాదు" అని పౌరరక్షణ ఉపమంత్రి బాలకిషన్‌గారు గౌలిపురా బడి మైదానంలో ప్రకటించినప్పుడు, చప్పట్లు చార్మినార్ దాకా వినిపించాయని మరునాటి పత్రికలు రాశాయి. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి అప్పటికి చాలా నెలలైంది. శత్రువు లొంగిపోయినంత మాత్రాన మనం ఏమరుపాటుగా ఉండరాదన్నది ఉపమంత్రిగారి దూరదృష్టి. మరి తుపాకులు ఎప్పుడొస్తాయని జనంలోంచి ఎవరో అడిగితే, "ముందుగాల జాగ్రత్త, తర్వాత తుపాకి" అని సెలవిచ్చారు. ఇంత శాస్త్రీయమైన వరుస మన పథకాలలో అరుదు.

ఆ జాగ్రత్త నేర్పే శిబిరం ఒకటి ఆ మైదానంలోనే పెట్టాలని, దానికి ముఖ్య బోధకుడిగా ప్రకాశం సారును నియమించారు. ఆయన సర్కారు బడిలో జీవితమంతా సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పాతబస్తీ హేతువాద సంఘానికి అధ్యక్షుడు. తుపాకిని అంతవరకు ముట్టుకుని ఎరుగడు. అయితే 'తుపాకి వెనుకకు ఏల తన్నును?' అని ఒక వారపత్రికలో వ్యాసం రాశాడు. ఉపమంత్రిగారి అనుచరుడు బాలనర్సింహ దానిని శీర్షిక వరకు చదివాడు. నిపుణుడు కావడానికి ఇంతమాత్రం సరిపోతుందా అన్న సందేహం ప్రకాశం సారుకు కలగకపోలేదు. నియామకపు వార్త తన ఫోటోతో సహా పత్రికలో పడేసరికి తీరిపోయింది. గ్రంథాలయానికి వెళ్లి, ఒక మిలటరీ పుస్తకంలోని నాలుగు సూత్రాలను పరీక్షకు పోయే పిల్లవాడిలా వల్లె వేశాడు.

ప్రథమ శిష్యుడు ఉపమంత్రిగారే. నది అవతల ఆయన బంగళా వరండాలో తొలి పాఠం. పోలీసు జమాదారు ఒక త్రీనాట్‌త్రీ రైఫిలు తెచ్చి, బోల్టు వెనక్కి లాగి, లోపల గోలీ లేదని అందరికీ చూపించి, ఉపమంత్రిగారి చేతికిచ్చాడు.

"మొదటి సూత్రం సార్," అన్నాడు ప్రకాశం సారు. "ఏ తుపాకి అయినా గోలీ ఉన్నదనే అనుకోవాలె."

"ఖాళీగున్నా?"

"ఖాళీగున్నా."

"గట్లయితే జమాదారు ఇప్పుడు చూపించింది అబద్ధమా?"

జమాదారు ముఖం మాడిపోయింది.

"అబద్ధం గాదు సార్. చేతులు మారినప్పుడల్లా ఎవలకు వాళ్లు తెరిచి చూసుకోవాలె."

"అంటే నా డిపార్ట్‌మెంటును నేనే నమ్మొద్దంటవు." ఈ మాటలు నడుస్తుండగా రైఫిలు మూతి జమాదారును, బాలనర్సింహను, గోడ మీది గాంధీగారిని సమదృష్టితో పలకరించి, చివరకు ప్రకాశం సారు పొట్ట దగ్గర విశ్రమించింది.

"సార్, మూతి... మనుషుల దిక్కు తిప్పద్దు."

"మనోళ్లే గదనయ్యా! ప్రతిపక్షం ఎవలున్నరిక్కడ?"

"ట్రిగ్గర్ మీదికెల్లి వేలు తీయుండ్రి సార్. కాల్చేదాక వేలు పెట్టద్దు."

"వేలు పెట్టకుంటె మంత్రినెట్లయితనయ్యా?"

బాలనర్సింహ పడీపడీ నవ్వాడు. ఆ ఊపులోనే ఉపమంత్రిగారు అసలు నిర్ణయం బయటపెట్టారు. దసరానాడు, ఆయుధపూజ కాగానే, బడి మైదానంలో వేదిక మీద నిలబడి, నిజమైన గోలీని ఆకాశంలోకి కాల్చి శిబిరాన్ని ప్రారంభిస్తారు.

ప్రకాశం సారు వేలు పైకెత్తి కిందికి దించాడు. "పైకి పోయిన గోలీ కిందికొస్తది సార్. మైదానం చుట్టూ మిద్దెలు. మిద్దెల నిండ ఆడోళ్లు, పిల్లలు ఉంటరు."

"ఆకాశం గంత పెద్దగున్నది. మల్ల గౌలిపురాకే ఎందుకొస్తది?"

"న్యూటన్ అని ఒకాయన—"

"ఏ పార్టీ?"

ప్రకాశం సారు పలక తెప్పించి, గోలీ పోయే దారిని, వచ్చే దారిని బొమ్మ గీశాడు. ఉపమంత్రిగారు శ్రద్ధగా చూసి, గోపురంలాగా మంచిగున్నదని, దీన్ని ప్రారంభోత్సవ సంచిక అట్ట మీద వేయాలని బాలనర్సింహను ఆదేశించారు.

ప్రకాశం సారు ఇల్లు బడి మైదానం గోడకు ఆనుకునే ఉంటుంది. భార్య మాణిక్యమ్మ, దేవుడి అలమారకు రోజుకు రెండుసార్లు దండం పెట్టే ఇల్లాలు, అప్పటికే మిద్దె మీద చాపలు పరవడానికి లెక్క వేసుకుంటోంది.

"దసరానాడు నువ్వు మిద్దెక్కకు మాణిక్యం."

"ఎందుకెక్కద్దు? గల్లి గల్లి మన మిద్దె మీదికే వస్తనన్నది. పక్కింటి సత్తెమ్మ మనవళ్లను తోల్కొస్తదంట."

ఆయన జరిగింది చెప్పాడు. ఆమె నవ్వలేదు. చీపురు పక్కన పెట్టి కూచుంది.

"ఆయన కారెక్కేటప్పుడు కుడికాలా ఎడమకాలా అని నిలవడి సోంచాయిస్తడు. గసుంటాయనకు న్యూటన్‌ను ఎందుకు చెప్తరు? శనిని చెప్పుండ్రి."

"నేనా? హేతువాద సంఘం అధ్యక్షుణ్నా?"

"అధ్యక్షులు మిద్దె మీద ఉండరు గద. మేముంటం."

ప్రకాశం సారు తన పుస్తకాలు పక్కకు జరిపి, భార్య పంచాంగం తెరిచాడు.

రెండవ పాఠాన్ని ఆయన ఒక ప్రయోగంగా భావించాడు. ఆత్మగౌరవం ఉన్నవాడు దిగజారేటప్పుడు ఆ మాట చాలా ఉపకరిస్తుంది. "సార్, నిన్న చెప్పింది పైపై పాఠం. అసలు రహస్యం ఆయుధశాస్త్రంల ఉన్నది," అని గొంతు తగ్గించాడు. చూపుడువేలు గురుస్థానమట, వేళ గాని వేళ ట్రిగ్గర్ మీద పెడితే గురుబలం కారిపోతుందట. మూతిలో కుజుడుంటాడట, ఎవరి వైపు తిప్పితే వాళ్ల గ్రహపీడ తిప్పినవాడికి చుట్టుకుంటుందట. "ఇగ గోలీ అంటే శని సార్. లేడనుకున్నోణ్నే పడతడు."

ఉపమంత్రిగారి వేలు నిప్పు తగిలినట్టు ట్రిగ్గర్ మీది నుంచి లేచింది. రైఫిలు మూతి నేలను చూసింది. ఆయన స్వయంగా బోల్టు లాగి, లోపల శని లేడని తృప్తిపడి, మళ్లీ ఒకసారి చూశారు.

"మరి ఆకాశం దిక్కు?"

"ఏది పైకి పంపితే అది కిందికి దిగుతది సార్. పదవి గూడ గంతే."

"అమ్మో!" అని ఉపమంత్రిగారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. ఇసుక బస్తాల గోడ కట్టి దానిలోకే కాల్చాలని అక్కడికక్కడే తీర్మానమైంది. ప్రపంచంలో ఏ సైన్యమూ ఇంత త్వరగా ఇంత క్రమశిక్షణ గల సిపాయిని తయారుచేసి ఉండదు. ఇంటికి వస్తూ నయాపూల్ మీద ప్రకాశం సారు సిగ్గుపడ్డాడు. వంతెన దాటేలోగా, గురుస్థానం సంగతి చాలా బాగా అతికిందని ఒకింత గర్వపడ్డాడు కూడా.

దసరా వచ్చింది. మైదానం నిండింది, మిద్దెలు నిండాయి. బోధకుని మిద్దె మీద గల్లీ మొత్తం చేరింది. జమాదారు అందరూ చూస్తుండగా ఒక గోలీ నింపాడు. కుంకుమ బొట్లతో, బంతిపూల దండతో రైఫిలు పెళ్లికొడుకులా ఉంది. ఉపమంత్రిగారు దానిని అందుకుని, వేలు దూరంగా ఉంచి, వేదిక అంచుకు నడిచారు. ఇసుక బస్తాలు కుడివైపున ఉన్నాయి. ఆయన చూపు పైకి పోయింది.

"సార్, బస్తాలు ఇటున్నయి!"

"తెలుసు. నిన్న మా పంతులును అడిగిన. నువ్వు చెప్పిన దోషం అక్షరాల నిజమే అన్నడు, మస్తు మెచ్చుకున్నడు. గని శాంతి ఉన్నదన్నడు. తొమ్మిది నిమ్మకాయలు, ఒక గుమ్మడికాయ. పొద్దుగాలనే చేయించిన. ఇగ ఫికర్ లేదు."

ప్రకాశం సారుకు భూమి కదిలినట్టయింది. గురుత్వాకర్షణకు శాంతి లేదు. శాంతి లేని సూత్రాన్ని తీసేసి, శాంతి ఉన్న సూత్రాన్ని ఆ చేతిలో పెట్టినవాడు తానే.

ఆయన మైకు లాక్కున్నాడు. "అమ్మలారా! అయ్యలారా! ఈ గోలీని చూసిన కండ్లకు ఏడేండ్ల శని! అందరు కప్పు కిందికి పోవాలె! జల్ది!"

అంత చక్కగా సాగిన పౌరరక్షణ కవాతును ఆ నగరం ఎన్నడూ చూడలేదు. మైదానం బడి గదుల్లోకి ఇంకిపోయింది. మిద్దెలు ఒలికిపోయాయి. సత్తెమ్మ మనవళ్లను చెరో చంకన ఇరికించుకుని దిగిపోయింది. ఉపమంత్రిగారు బోసిపోయిన మైదానాన్ని చూసి నీరసించారు.

"చూసెటోళ్లే లేకుంటె ఎవల కోసం కాల్చాలెనయ్యా?" అంటూ దించబోయి, అంతలో ముఖం వెలిగిపోయి, "అగో! ఒక తల్లి ఉన్నది!" అని రైఫిలును భుజానికెత్తారు.

గోడ పక్క మిద్దె మీద, ఖాళీ చాపల నడుమ, మాణిక్యమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"మాణిక్యం! దిగు!" అని ప్రకాశం సారు మైకులో అరిచాడు. "శని పడతడు!"

"ఎవలకు చెప్తున్నరు? నాకా?" అని ఆమె అక్కడి నుంచే కేకేసింది. "గా శని ముచ్చట నాకు తెల్వదా? గోలీ పోయేది బస్తాలలకే గద!"

ఉపమంత్రిగారు తల తిప్పారు. "ఏమంటున్నదామె? నమ్మదా?"

నిజం చెబితే జనం మళ్లీ మిద్దెలెక్కుతారు. ప్రకాశం సారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"నమ్మదు సార్. ఆమె హేతువాది."

"ఎవలామె?"

"మా ఇంటామె."

"నాస్తికురాలి ముందట కాలిస్తె శాంతి పని చేస్తదా?"

"పంతులు దానికి గూడ శాంతి చెప్పిండా సార్?"

"లే..." ఉపమంత్రిగారు రైఫిలును దించారు. మూతిని నేల వైపు ఉంచి, వేలును దూరంగా ఉంచి, పాఠంలో చెప్పినట్టే రైఫిలును జమాదారుకు అప్పగించారు. జమాదారు బోల్టు లాగాడు. ఇత్తడి గోలీ ఎగిరి, వేదిక మీద దొర్లి, ప్రకాశం సారు చెప్పుల దగ్గర ఆగింది.

ఒక్క ప్రమాదం కూడా జరగకుండా శిబిర ప్రారంభోత్సవం దిగ్విజయంగా ముగిసిందని పత్రికలు రాశాయి.

హేతువాద సంఘం అత్యవసరంగా సమావేశమై, ప్రకాశం సారును ఏకగ్రీవంగా బహిష్కరించింది. తర్వాత కార్యదర్శి బాబురావు సభ్యులందరినీ వెంటబెట్టుకుని, గులాబీల దండతో ఆయన ఇంటికే వచ్చాడు. బహిష్కృతుడు తలుపు తీశాడు. బాబురావు ఆయనను తప్పించుకుని లోపలికి నడిచి, మాణిక్యమ్మ ముందు నిలబడ్డాడు.

"ఊరంత మూఢనమ్మకంతోని ఉరికిపోతుంటె ఒక్కదానివి నిలవడ్డవు తల్లీ. ఇగ మా సంఘానికి నువ్వే అధ్యక్షురాలివి."

"అధ్యక్షురాలంటె ఏం చెయ్యాలె?"

"ఏం లేదమ్మా. నమ్మకుంటె చాలు."

"గంతేనా!" మాణిక్యమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "సరే గని, ఇయ్యాల మంగళారం. కొత్త పని మొదలువెట్ట. రేపు రాండ్రి."

బాబురావు దండను తడిగుడ్డలో జాగ్రత్తగా చుట్టి, గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ప్రకాశం సారు వైపు తిరిగాడు.

"రేపు ఏ యాళ్లకు మంచిగున్నది సార్?"