శుక్రవారం కదలని తాళం

దసరా మర్నాడు, శుక్రవారం, సాంబశివరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీ, ఎనిమిదింటికి ఫ్యాక్టరీ, ఎనిమిదీ ఐదుకి తాళం పెట్టి తిప్పడం. ఆ తరువాత పని యంత్రమే చూసుకుంటుంది.

గురజాల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అతను ఈఎస్పీ ఇన్‌చార్జి. బట్టీ నుంచి వచ్చే పొగలో కంటికి కనపడని దుమ్ము ఉంటుంది. ఈఎస్పీ ఆ దుమ్ముకు కరెంటు అంటించి, ఎదురుగా వేలాడే ఇనపరేకులకు అతుక్కునేలా చేస్తుంది. సుత్తులు ఆ రేకులను తట్టి దుమ్మును కింద తొట్టిలో రాలుస్తాయి. ఈఎస్పీ నడిస్తే పొగగొట్టం పైన ఆకాశం కనిపిస్తుంది. నడవకపోతే చుట్టుపక్కల పొలాల్లో పత్తి బూడిదరంగులో పండుతుంది. అలా పండిందని రైతులు ఇప్పటికి రెండుసార్లు ఫిర్యాదు చేశారు. ఆ రోజు పదకొండింటికి కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళు వచ్చి పొగగొట్టంలో దుమ్ము కొలవబోతున్నారు.

సాంబశివరావుది పదకొండేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంటు చేయమని కిందటి వారమే అర్జీ పెట్టుకున్నాడు. మేనేజరు కృష్ణచైతన్య "చూద్దాం" అన్నాడు. ఆయన భాషలో చూద్దాం అంటే చూడం అని. కొలత తప్పితే ఉన్న కాంట్రాక్టు కూడా ఉండదని మాత్రం అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు.

ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, సాంబశివరావు దేవుడి గదిలోకి వెళ్ళాడు. తాళం అక్కడే ఉంది. అమ్మవారి పటం ముందు, పసుపూ కుంకుమా పూసుకుని, బంతిపూల మధ్య కూర్చుంది. దాని ముందు తల్లి శేషమ్మ కూర్చుంది.

ఇది అతను చేతులారా తెచ్చుకున్న తంటా. ఆయుధపూజకు నీ పనిముట్టు ఏదో ఒకటి తెమ్మని తల్లి అడిగింది. స్క్రూడ్రైవరు తెస్తే ఇన్‌చార్జి హోదాకు తగ్గట్టు ఉండదని అతనికి తోచింది. పండగ మరమ్మతులకు యంత్రం ఎలాగూ ఆపి ఉంది కదా అని ఈఎస్పీ తాళం తెచ్చాడు. ఆ తాళం బయటికి తీస్తే యంత్రానికి కరెంటు పోతుంది, అప్పుడే లోపలికి మనిషి దిగవచ్చు. తిరిగి ప్యానెల్లో పెట్టేదాకా కరెంటు రాదు. దీనికి డూప్లికేటు లేకపోలేదు. హెడ్డాఫీసు బీరువాలో భద్రంగా ఉంది. ఆ బీరువా తాళం ఉన్నాయన పండక్కి సెలవు పెట్టాడు.

"అమ్మా, తాళం తీసుకుంటన్నా," అన్నాడు.

"ఇయ్యాల ఏ వారంరా?"

"శుక్రవారం."

"శుక్రవారం పూటా అమ్మవారిని కదుపుతారంట్రా ఎవురైనా? ఇంట్లో లచ్చిమిని బయటికి పంపుతారా? రేపు పొద్దున్నే ఉద్వాసన చెప్పి ఇస్తా."

"అమ్మా, అది లేకపోతే నా ఉద్యోగం పోద్ది."

"అది జేబులో ఉంటేనే లోపలికి దిగినా కరెంటు కొట్టదని చెప్పింది నువ్వే గందా. నీ పేణం కాపాడే దానికి ఒక్క పూజ సక్కగా జరగనీయవేందిరా?" శేషమ్మ తాళం పక్కన ఇంకో బంతిపువ్వు పెట్టింది. పదకొండేళ్ళుగా కొడుకు ఆ ఇనపపెట్టెలోకి దిగిన ప్రతిసారీ ఆమె ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చునేది. సాంబశివరావుకు ఆ సంగతి తెలుసు. అందుకే చెయ్యి ముందుకు చాచలేకపోయాడు.

తొమ్మిదింటికి కంట్రోల్ రూము నుంచి వాజిద్ ఫోన్ చేశాడు. "అన్నా, తాళమేది? పదిన్నరకి రాహుకాలమంట. పదింటి లోపే బట్టీలో సున్నపురాయి పొడి వెయ్యాలని ఓనరుగారు ముహూర్తం పెట్టిచ్చాడు."

ఇంజినీరింగు డిప్లొమా చదివినవాడు అమ్మవారు కదలనివ్వడం లేదని ఫోన్లో ఎలా చెబుతాడు? "తాళం నా దగ్గరే ఉంది వాజిద్. ఇప్పుడు ఇచ్చే పరిస్థితి లేదు. కారణం ఫోన్లో చెప్పేది కాదు," అన్నాడు.

వాజిద్ ఆ మాటలనే అక్షరం పొల్లుపోకుండా మేనేజరుకు చేరవేశాడు. కృష్ణచైతన్య కిందటి వారం అర్జీని, ఇవాళ్టి తనిఖీని పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ రెండూ కలిపితే ఆయనకు ఇరవై రెండు వచ్చింది. వెంటనే జీపెక్కి క్వార్టర్సుకు బయలుదేరాడు.

"నీకేం కావాలో సూటిగా చెప్పు," అన్నాడు గుమ్మంలోనే.

"నా చేతిలో ఏముంది సార్? లోపల మా అమ్మ ఒప్పుకోవాలి."

బేరం చేసేది తల్లన్నమాట అనుకున్నాడు మేనేజరు. ఈలోగా మేనేజరు జీపు సాంబశివరావు ఇంటి ముందు ఆగిందని యూనియన్ లీడరు బెంజిమిన్ చెవిన పడింది. ఇల్లు ఖాళీ చేయిస్తున్నారని తీర్మానించుకుని ఆయన పాతికమందిని పోగేశాడు. రోడ్డంతా నిండిపోయింది. విషయం తెలియకపోయినా జిందాబాదులు మాత్రం లోటు లేకుండా వినిపించాయి.

మేనేజరు బూట్లు విప్పి దేవుడి గది గడప దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, మీ షరతులేమిటి?"

"నాకేం షరతులయ్యా? శుక్రవారం దాటనీయండి, అంతే."

రేపటిదాకా సాగదీస్తుందా! మేనేజరు గడియారం చూసుకున్నాడు. అప్పుడే వాజిద్ మళ్ళీ ఫోన్ చేశాడు. "సార్, ముహూర్తం దాటిపోతంది. తాళం లేకుండానే పొడి వెయ్యమంటారా?" "కానివ్వు, పది నిమిషాల్లో తాళం తెస్తున్నా," అని ఆయన బయటికి పరుగెత్తాడు. జీపు బానెట్ మీదే ఆర్డరు రాసి సంతకం పెట్టాడు. సాంబశివరావును నేటి నుంచి పర్మనెంటు చేయడమైనది. బెంజిమిన్ దాన్ని గట్టిగా చదివి, ఫోటో తీసి, ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. హెడ్డాఫీసు పెద్దలు కూడా చప్పట్ల బొమ్మలు పెట్టారు. సాంబశివరావు ఆర్డరును రెండుసార్లు చదువుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక తాళం ఇప్పించండమ్మా," అన్నాడు మేనేజరు.

"నీ కాగితానికీ మా అమ్మవారికీ ఏంది సంబంధం? ఇయ్యాల కదపకూడదని ఎన్నిసార్లు చెప్పాల?"

మేనేజరు సాంబశివరావు వైపు తిరిగాడు. సాంబశివరావు తల వంచుకుని ఆయుధపూజ సంగతి మొదటి నుంచి చెప్పాడు. మేనేజరు ఏదో అనబోయాడు కానీ దగ్గొచ్చింది. క్వార్టర్సు మీదికి బూడిదరంగు మేఘం దిగుతోంది. బంతితోరణాలు, జీపు, యూనియన్ సభ్యుల మీసాలు అన్నీ ఒకే రంగుకు వచ్చాయి.

ఆ మేఘంలోంచి ఒక కారు వచ్చి, దారి లేక సరిగ్గా ఆ ఇంటి ముందే ఆగింది. కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు మానస ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దిగింది. "ఇక్కడ మేనేజరు ఎవరు?" అంటూ గుమ్మం ఎక్కింది.

శేషమ్మ ఆమె మెడలో మంగళసూత్రం చూసింది. నుదుటి కుంకుమ చూసింది. ముఖం విప్పారింది.

"శుక్రవారం పూట నడిచొచ్చిన ముత్తైదువ! రా తల్లీ, కూర్చో."

మానస వద్దనేలోగా బొట్టు పెట్టడం అయిపోయింది. మగవాళ్ళ చేతికి కదపకూడనిది పేరంటాలికి వాయనంగా ఇస్తే తప్పు లేదు, అది అమ్మవారికిచ్చినట్టే. ఆకులు, వక్క, రెండు అరటిపళ్ళు, జాకెట్టు ముక్క, వాటి పైన ఈఎస్పీ తాళం. "మావాడి ఉద్యోగం చల్లంగా ఉండాలని దీవించమ్మా," అని శేషమ్మ కొంగు పట్టించి అందులో పెట్టింది.

మానస తాళానికి వేలాడుతున్న బిళ్ళను తుడిచి చదివింది. 'బట్టీ నడుస్తుండగా ప్యానెల్ నుంచి తీయరాదు.' తలెత్తి పొగగొట్టం వైపు చూసింది. పొగగొట్టం కనిపించలేదు.

"మేడమ్, ఆ తాళం ఇలా ఇస్తే ఒక్క నిమిషంలో..." అన్నాడు మేనేజరు చెయ్యి చాచి.

"ఇది సాక్ష్యం. గుంటూరు తీసుకెళ్తున్నాను," అంది మానస. కారు బానెట్ మీద దుమ్ము తుడిచి, కాగితం పరిచి రాసింది. కొత్త తాళం బిగించి, యంత్రం నడిపి చూపించేదాకా ఉత్పత్తి ఆపాలి. వెళ్తూ వెళ్తూ శేషమ్మకు మాత్రం దణ్ణం పెట్టి, వాయనం జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

పన్నెండింటికల్లా బట్టీ ఆపేశారు. బెంజిమిన్ తెప్పించిన దండ సాంబశివరావు మెడలో ఉంది, ఆర్డరు జేబులో ఉంది. పదకొండేళ్ళకు అతని ఉద్యోగం పర్మనెంటయింది. ఇక ఎప్పటిదాకా ఉంటుందో తెలియనిది ఫ్యాక్టరీ ఒక్కటే.