బోర్డు మీద సగం మాట

వీధిలో దుకాణాల మీద అక్షరాలు పరిగెత్తాయంటే అది మెరుపుల మావయ్య చేతి చలవే. దీపాల బోర్డులో ఏ చుక్క ఎప్పుడు వెలగాలో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసి చెబుతాడు. బోర్డులన్నీ ఆయన మాట వింటాయి. ఇంట్లో ఆయన ఇల్లాలు, మన అత్తయ్య, మాత్రం మాటే మానేసింది.

ఆమెది కుట్టుపని. ప్రాణం పెట్టి కుట్టిన కోటుని చుట్టాల ముందు "దిండు గలీబులా ఉంది" అన్నాడీయన. అందరూ నవ్వారు. ఆ నవ్వు చల్లారింది గానీ అత్తయ్య చల్లారలేదు.

క్షమాపణ మావయ్య గొంతు దాకా వస్తుంది, మీసం అడ్డొచ్చి వెనక్కి పోతుంది. అందుకే కుట్టుమిషనుకి ఎదురు గోడ మీద బోర్డు బిగించి, "తప్పు నీది కాదు నాది" అని రాశాడు. బోర్డులో రెండు మాటలే పడతాయి. ముందు రెండు వెలిగి, రెండు సెకన్లు ఆగి, తరవాతి రెండు రావాలి. మీట నొక్కి వంటింట్లో దాక్కున్నాడు.

ఎంతసేపు ఆగాలో పాత బోర్డులకి సెకనులో వెయ్యో వంతుల లెక్కన చెప్పాలి. పైథాన్‌కి సెకన్లలోనే చెప్పాలి. చెయ్యి అలవాటు కొద్దీ రెండుకి బదులు రెండువేలు కొట్టింది. అరగంట పైమాటే!

బోర్డు "తప్పు నీది" అని ఎర్రగా వెలిగి, అక్కడే బిగుసుకుపోయింది.

అప్పుడే వచ్చాడు బస్సు కండక్టరు, ప్యాంటు బల్ల మీదికి విసిరేస్తూ.

"ఏమ్మా, ఇలాగేనా కుట్టేది? ఊపిరాడట్లేదు!"

అత్తయ్య గోడకేసి చూసింది. ఆయనా చూశాడు. చదివాడు. పొట్ట తడుముకున్నాడు.

"నిజమేలెండమ్మా. ఈమధ్య తిండి ఎక్కువైంది. కాస్త వదులు చేసిపెట్టండి."

వంటింట్లోంచి తొంగి చూసిన మావయ్య, బోర్డు చదివి బయటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమండీ," ఎన్నాళ్ళకో పలికింది అత్తయ్య. "ఇది ఎవరికి రాశారు?"

"క... కస్టమర్లకి! నీ వ్యాపారం కోసమే."

"అయ్యో, నాకేమో అనుకున్నా. నాకైతే మాట్లాడదామనుకున్నా."

"నీకే! నీకేనే!"

"అంటే తప్పు నాదా?"

"కాదు! ఇంకా సగం ఉంది. 'కాదు నాది' అని!"

"ఏది మీది కాదు? కోటా, నోరా?"

కండక్టరు స్టూలు లాక్కుని సర్దుకు కూర్చున్నాడు. మావయ్యకి దారి లేకపోయింది.

"తప్పు నీది కాదు, నాది. కోటు బాగుంది. నోరే బాగాలేదు."

అనేశాక, ఇంత చిన్న ముక్కకి అంత కరెంటు ఎందుకు కాల్చానా అనుకున్నాడు.

అత్తయ్య దారం కొరికింది. "సరే. ఆ బోర్డు నా వెనక గోడకి మార్చండి. అక్షరం ముట్టుకోకండి."

"సరిచేస్తానే!"

"వద్దు. అక్కడైతే నాకు కనపడదు. నా ఎదురుగా కూర్చునేవాళ్ళకే కనపడుతుంది."

బోర్డు మార్చి, సుత్తి పక్కన పెట్టి, మావయ్య ఆమె ఎదుట కూర్చుని తలెత్తాడు. "తప్పు నీది" అని ఎర్రగా వెలుగుతోంది. ఈసారి ఆయనకి అందులో దిద్దాల్సిందేమీ కనిపించలేదు.