ఖాళీ కాని చెత్తబుట్ట

డాక్టరు నూనె వంటకాలు మానమన్న రోజే ఎల్బీనగర్‌లోని భానుమూర్తి ఇంట్లో బాణలి అటకెక్కింది. "మీకు లేనిది నాకు మాత్రం ఎందుకండీ?" అని భార్య సూర్యప్రభ తనూ మానేసింది. ఆ త్యాగానికి కరిగిపోయిన భానుమూర్తి, రోజూ పొద్దున్నే సరూర్‌నగర్ చెరువు దాకా నడిచొస్తానని మాటిచ్చాడు.

నడక దారిలోని మైసూరు బోండాల బండి దాటి ముందుకు సాగితే ఒట్టు.

ఓ ఆదివారం, నడక స్నేహితుడు బక్కయ్య సరదాకి ఫొటో తీసి పంపాడు. భానుమూర్తికి చెరో చేతిలో ఓ బోండా. ఫోన్‌లో పడ్డ ఫొటో దానంతటదే ఇంట్లో కంప్యూటర్‌లోకీ చేరుతుందన్న సంగతి అతనికి మధ్యాహ్నం భోజనమయ్యాక గుర్తొచ్చింది.

గబగబా వెళ్లి తీసేశాడు. అది కంప్యూటర్ చెత్తబుట్టలోకి వెళ్లింది గానీ, అక్కణ్ణుంచి కదలనంది. నొక్కినప్పుడల్లా ఒకటే మాట: 'ఈ ఫైలు వాడుకలో ఉంది.'

"తిన్నవాణ్ణి నేనిక్కడుంటే ఇంకెవడు వాడతాడు?" అని గొణుక్కుంటూ బక్కయ్యకు ఫోన్ చేశాడు.

"బక్కయ్యా, బోండా పోవట్లేదయ్యా!"

"అరగలేదా అన్నా? జర సోడా తాగు."

"కడుపులోది కాదు, కంప్యూటర్‌లోది!"

"గట్ల చెప్పు! ఆ ఫొటో యాడనో తెరిచే ఉన్నది. పరేషాన్ గాకు. తెర కింద వరసల చూసి మూసెయ్."

చూశాడు. నిజంగానే ఫొటోలు కత్తిరించే కిటికీ ఒకటి తెరిచి ఉంది. అందులో తన చుట్టూ మాత్రమే గీత గీసి ఉంది. గీతకు అవతల, తన వెనకాల, మామిడిపండు రంగు చీర. చేతిలో ప్లేటు. ఉబ్బిన బుగ్గ. సాక్షాత్తూ సూర్యప్రభ!

భానుమూర్తికి ప్రాణం లేచొచ్చింది. "ప్రభా! గుడికని వెళ్లి బోండాల బండి దగ్గర ఏం చేస్తున్నావ్?"

ఆవిడ తొణకలేదు. "మిమ్మల్ని పట్టుకోడానికొచ్చాను."

"మరి ప్లేటో?"

"ఉత్తచేతుల్తో నిలబడితే మీకు అనుమానం రాదూ?"

"నిన్ను నువ్వు కత్తిరించుకోడం దేనికి?"

"అత్తయ్యగారికి పంపే ఫొటోలో మీ పక్కన నేనెందుకండీ, అడ్డంగా?"

అమ్మ పేరు వినగానే భానుమూర్తి చల్లబడిపోయాడు. "తుడిచెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది."

సూర్యప్రభ కిటికీ మూసి, ఒక్క నొక్కుతో చెత్తబుట్ట ఖాళీ చేసింది.

"రేపట్నుంచి నేనూ మీతోనే వస్తా. వెనకనుంచి చూస్తుంటే మీరెన్ని తింటున్నారో లెక్క తెలియడం లేదు."